గనికి ముందు నేల లెక్క

నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలోని యురేనియం నిక్షేపాలను వెలికితీయాలన్న ప్రతిపాదనపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. భారత యురేనియం సంస్థ ఆనాటి ప్రణాళికలో భూగర్భ గనులతో పాటు ఒక ఓపెన్‌కాస్ట్ గని కూడా ఉంది. ప్రజల వ్యతిరేకత వల్ల ఆ గనులు తెరుచుకోలేదు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అన్వేషణ ప్రస్తావన వచ్చినప్పుడు రాష్ట్ర శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. నిక్షేపాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అణు ఇంధనం అవసరం పెరిగేకొద్దీ ఈ ప్రశ్న మళ్ళీ మన గుమ్మం ముందుకు రాక తప్పదని నా అభిప్రాయం. గని రావాలా వద్దా అన్నది ప్రజలూ ప్రభుత్వాలూ తేల్చవలసిన విషయం. ఈ విరామంలో ఆ నేల, ఆ నీటి స్థితిని ఎవరు నమోదు చేయాలన్నది మాత్రం వ్యవసాయ శాస్త్రవేత్తల విషయం.

కడప జిల్లా తుమ్మలపల్లె అనుభవం ఇందుకు చాలినంత కారణం. అక్కడ 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ఉత్పత్తి మొదలైంది. అది భూగర్భ గనే. కొట్టాల సమీపంలోని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీరు పాడైందని, అరటి తోటలు ఎండిపోతున్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. సంస్థ దానిని అంగీకరించలేదు. ఇటువంటి వివాదంలో ఈ రోజు తీసిన నమూనా విలువ సగమే. గనికి ముందు అదే బోరులో ఏముండేదో చూపే కాగితం రైతు చేతిలో ఉండదు. అప్పుడు ఎంత విలువ నమోదైనా, ఈ రాతి స్వభావమే అంత అనే వాదనకు తావు మిగులుతుంది.

ఆ వాదనను తేలికగా కొట్టివేయలేము. గ్రానైటు ప్రాంతాల భూగర్భ జలాల్లో గని లేకపోయినా కొంత యురేనియం ఉంటుంది. బైకార్బొనేట్లు ఎక్కువైన నీటిలో అది మరింత సులువుగా కరిగి కదులుతుంది. మనం పొలంలో వేసే భాస్వరపు ఎరువుల్లోనూ, ముడిరాయి నుంచి వచ్చినది, స్వల్పంగా ఉంటుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు కాగా, మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న పరిమితి 60. రెండింటి మధ్య పడే బోరును ఏమనాలో రైతుకు చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తకే కష్టం.

అయితే పైరుకు మొదట తగిలే దెబ్బ రేడియోధార్మికత కాకపోవచ్చు. తుమ్మలపల్లె ఖనిజం డోలమైటు రాతిలో ఉంది. ఆమ్లం పోస్తే రాయే దానిని తినేస్తుంది కనుక సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులతో యురేనియాన్ని కరిగిస్తారు. అటువంటి వ్యర్థం ఊటగా బయటకు వస్తే ముందుగా చేరేది సోడియం. అంటే చౌడు. ఉదజని సూచిక, లవణ సూచిక, సోడియం అధిశోషణ నిష్పత్తి, అవశేష సోడియం కార్బొనేట్ పరీక్షలు జిల్లా స్థాయి ప్రయోగశాలలో జరిగేవే. వీటికి అణుశాస్త్రవేత్త అక్కరలేదు. జార్ఖండ్‌లోని జాదుగూడలో వాడేది గంధకామ్లం, మాంగనీసు డయాక్సైడు. లంబాపూర్ తరహా గ్రానైటు ఖనిజానికీ ఆమ్ల పద్ధతే వస్తే మనం వెతకవలసిన గుర్తులు సల్ఫేటు, మాంగనీసు. శుద్ధి పద్ధతి తెలియకుండా పరీక్షల జాబితా రాయడం వృథా శ్రమ.

ఓపెన్‌కాస్ట్ గనికి ఇంకొక లక్షణం ఉంది. గుంత అడుగు పొడిగా ఉంచడానికి నీటిని నిరంతరం తోడాలి. మా సిద్దిపేట ప్రాంతపు గ్రానైటులో నీరుండేది శిథిల పొరలోనూ, పగుళ్ళలోనూ మాత్రమే; పక్క పొలంలో లోతుగా బోరు వేస్తే తన బోరు ఎండుతుందని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఓపెన్‌కాస్ట్ గని అంటే అటువంటి అతి పెద్ద బోరు. కనుక కాలుష్యం చేరకముందే బత్తాయి తోటకు నీరు అందకపోవచ్చు. ఆ నష్టాన్ని కరవు ఖాతాలో రాయడం తేలిక, నీటిమట్టాల పాత నమోదు లేకపోతే. ఖనిజంలో యురేనియం వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు. మిగిలిన పొడి అంతా వ్యర్థమే. థోరియం, రేడియం అందులోనే ఉంటాయి. రేడియం సగం తగ్గడానికే సుమారు 1600 ఏళ్ళు పడుతుంది.

ఆస్ట్రేలియాలోని రేంజర్ ఓపెన్‌కాస్ట్ గని కథ అంతా ఆదర్శమని అనను. కానీ అక్కడ తవ్వకం మొదలుకాకముందే, 1978లో, గని యాజమాన్యంతో సంబంధం లేని పర్యవేక్షక శాస్త్రవేత్త పదవిని చట్టం ద్వారా ఏర్పరిచారు. ఆ క్రమం మనం గమనించదగినది.

మన వద్ద కొత్త సంస్థ అవసరం లేదు. కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాలు ఆ ప్రాంతాలకు దగ్గరివే. ఒక్కొక్క గ్రామంలో కొన్ని బోర్లను స్థిరంగా ఎంచుకుని, వానాకాలానికి ముందు, తరువాత నీటిమట్టం కొలిచి నమూనా తీయవచ్చు. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది సిద్ధాంత వ్యాసానికి తగిన పనే. ప్రచురణకు మెరిసే ఫలితం రాదన్న భయం ఒక్కటే అడ్డు. ఫలితం నకలు రైతుకు ఇవ్వాలి, సర్వే నంబరుతో సహా. యురేనియం పరీక్ష ఖరీదైతే అన్ని నమూనాలకూ ఇప్పుడే చేయించనవసరం లేదు. మట్టిని నీడలో ఆరబెట్టి, జల్లించి, మూత బిగించిన సీసాల్లో తేదీ, లోతు, చోటు రాసి దాచితే, ఇరవై ఏళ్ళ తరువాత కూడా ఎవరైనా తీసి పరీక్షించవచ్చు.