టీకా వేసిన చెయ్యి

"అయితే ఆయా పనేనా అమ్మాయ్?" అని మా మేనత్త ఫోనులో అడిగింది. ఇంగ్లండులో ఒక జీపీ సర్జరీలో, అంటే పేటలో ఉండే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కులో, హెల్త్‌కేర్ అసిస్టెంటుగా చేస్తున్నానని చెప్పినందుకు. అత్తను తప్పుపట్టను. ఆసుపత్రిలో నర్సమ్మ, ఆయమ్మ అని రెండే పేర్లు ఆమెకు తెలుసు. ఆయమ్మ చేసేది తక్కువ పనని కూడా నేననను. నా బాధల్లా, నాతో రోజూ పనిచేసేవాళ్లు కూడా నన్ను లెక్కలోకి తీసుకోకపోవడమే.

అక్టోబరులో ఒక శనివారం ఫ్లూ టీకాల క్లినిక్ చూడాలి. 65 ఏళ్లు దాటినవాళ్లు కోట్లు విప్పి చేత పట్టుకుని వరసలో ఉంటారు. ఒక్కొక్కరి పేరూ పుట్టినతేదీ సరిచూడాలి. ఇవాళ జ్వరముందా, ఇదివరకు ఏ టీకా అయినా పడలేదా, రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతున్నారా అని అడగాలి. వార్ఫరిన్ వంటి ఆ మాత్రలు వాడే మనిషైతే సన్న సూదితో వేసి, రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా అదిమిపట్టాలి. ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉందని పొద్దున్నే చూసి రాసుకోవాలి. జబ్బలో సూది ఎక్కడ దిగాలో చేతికి తెలియాలి, మరీ పైకి పోతే భుజం కీలుకే ముప్పు. టీకా వికటించి ఎవరైనా ఊపిరాడక కూలబడితే అడ్రినలిన్ ఇంజెక్షన్ కోసం వెతుక్కునే వ్యవధి ఉండదు.

ఇదంతా ఊరికే రాలేదు. మావంటివాళ్లకు టీకా శిక్షణ ఎలా ఉండాలో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2015లోనే కనీస ప్రమాణాలు రాసిపెట్టింది. పాఠాలు విన్నాను, పరీక్ష రాశాను, గుండె ఆగితే ఏం చెయ్యాలో బొమ్మమీద సాధన చేశాను. నర్సు పక్కన నిలబడి చూస్తుండగా సూదులు వేశాను. ఆవిడ సంతకం పెట్టాకే నన్ను గదిలో ఒంటరిగా కూర్చోనిచ్చారు. ఇప్పటికీ ఎవరికి వెయ్యాలో మందు రాసే అధికారమున్నవాళ్లు పేరుపేరునా ముందే రాసివ్వాలి. జాబితాలో పేరు లేకపోతే టీకా ఎదురుగా ఉన్నా నేను వెయ్యను. ఆ కట్టడి న్యాయమైనదే.

న్యాయం కానిది వేరే ఉంది. కిందటి సీజను ముగిశాక మీటింగులో డాక్టర్లకూ నర్సులకూ చప్పట్లు కొట్టారు. సగానికి పైగా టీకాలు వేసింది నేనూ, నా తోటి అసిస్టెంటూ. మా పేర్లు ఎవరి నోటా రాలేదు. వేసిన ప్రతి టీకాకూ ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ క్లినిక్కుకు రుసుము ఇస్తుంది. మా జీతంలో ఒక్క పౌండూ పెరగలేదు. అడిగితే "మీరు అసిస్టెంట్లే కదా" అన్నారు. నర్సుకు వృత్తి రిజిస్టరులో పేరూ నంబరూ ఉంటాయి. ఇంగ్లండులో మాకు ఆ రిజిస్టరే లేదు. రోగి దగ్గర నిలబడి చేసే సేవలో అధికభాగం రిజిస్టరులో లేని సిబ్బందిదేనని 2013లో మావంటి సిబ్బంది గురించి వచ్చిన కావెండిష్ నివేదిక ప్రభుత్వానికే చెప్పింది.

సూదంటే వణికే ఒక పెద్దాయన, కిందటేడు నేనే వేశాను, ఈ ఏడు కూడా నా గదే కావాలని గంటసేపు బయట కూర్చున్నాడు. ఆ గంట ఏ లెక్కలోనూ లేదు.

ఈ దేశంలో ఉంటున్న తెలుగువాళ్లారా, ఈసారి మీకో మీ పెద్దలకో ఫ్లూ టీకా వేస్తే, వేసినావిడ పేరు అడగండి. క్లినిక్కుకు ఒక ముక్క రాసేటప్పుడు ఆ పేరు కూడా రాయండి.