వేసుకోని మాత్ర ఎవరి తప్పు?

గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డవాళ్లు ఆ తర్వాత మందులు సరిగ్గా వాడుతున్నారా లేదా అని కొలవడం ఇవాళ వైద్య పరిశోధనలో ఒక పెద్ద పని. కొలిచే పద్ధతులూ చాలానే ఉన్నాయి. రోగిని అడిగి రాసుకుంటారు. మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. మందుల షాపు లెక్కలు చూస్తారు. మూత తీసినప్పుడల్లా సమయం నమోదు చేసే సీసాలు కూడా ఉన్నాయి. నూటికి ఎనభై రోజులకు సరిపడా మందు చేతిలో ఉంటే ఆ మనిషి క్రమంగా వాడుతున్నట్టు, అంతకు తగ్గితే వాడనట్టు. చాలా అధ్యయనాల్లో గీత ఇదే. ఎవరి జీవితాన్ని చూసి ఈ గీత గీశారన్నది నా ప్రశ్న.

ఈ ప్రశ్న నేను బయట నిలబడి అడగటం లేదు. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక సర్వేలో నేనూ పనిచేశాను. నల్గొండ జిల్లాలో ఒక ఊళ్లో, యాభై దాటిన ఒక కూలి స్త్రీ ఇంట్లో కూర్చుని, ఆమె మాత్రల డబ్బా చాప మీద గుమ్మరించి లెక్కపెట్టాను. నెలకిచ్చిన వాటిలో సగానికి పైగా మిగిలే ఉన్నాయి. నా కాగితం మీద కారణాల పట్టీ ఉంది: మరిచిపోవడం, మందు పడకపోవడం, ఖర్చు, నిర్లక్ష్యం. 'నిర్లక్ష్యం' దగ్గర టిక్కు పెట్టి లేచాను. గడప దాటుతుంటే ఆమె తనంతట తానే చెప్పింది. "గా నీళ్ల గోలి ఏస్కుంటే గంటకోపారి లేవాలె మేడం. నాటుకాడ మగోళ్లుంటరు. యాడికి పోవాలె?" రాత్రి గోలీ అన్నం తిన్నాక వేసుకోమన్నారట. ఆమె ఇంట్లో అందరి తర్వాత తింటుంది. మిగలని రోజు తినదు, గోలీ కూడా వేసుకోదు.

ఇందులో నిర్లక్ష్యం ఎక్కడుంది? డాక్టరు చెప్పిన మాటను ఆమె అక్షరాలా పాటించింది. నా పట్టీలో మరుగుదొడ్డి లేని పొలానికి గడి లేదు, చివర తినే ఆడదానికి గడి లేదు. ఆ టిక్కు నేను దిద్దలేదు. చీకటి పడేలోగా ఇంకా కొన్ని ఇళ్లు తిరగాల్సి ఉందని ముందుకు నడిచాను. ఆ తప్పు ఇప్పటికీ ఏదో పట్టికలో ఒక అంకెగా ఉండే ఉంటుంది.

పెద్ద లెక్కలు చూద్దాం. 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్యూర్ అధ్యయనం 17 దేశాల్లో, గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవాళ్లు ఏ మందులు వాడుతున్నారో చూసింది. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఆస్పిరిన్ లాంటి మందులు, బీటా బ్లాకర్లు, రక్తపోటు తగ్గించే ఏసీఈ ఇన్‌హిబిటర్ల లాంటివి, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు: ఈ నాలుగు రకాల్లో ఒక్కటి కూడా వాడనివాళ్లు పేద దేశాల్లో నూటికి 80 మంది. ఆ పేద దేశాల జట్టులో మన దేశం ఉంది. స్టాటిన్ వాడేవాళ్లు ధనిక దేశాల్లో నూటికి 66.5 మంది అయితే, పేద దేశాల్లో 3.3. ఆస్పిరిన్ 1899 నుంచీ బజారులో ఉన్న మందు. అదీ అందలేదంటే, నూటికి 80 మందినీ నిర్లక్ష్యం చేసేవాళ్లని తిడదామా?

అదే అధ్యయనంలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఈ మందులు తక్కువగా వాడుతున్నారని తేలింది. వెంటనే మన మిత్రులే కొందరు అంటారు: ఆడా మగా తేడా కంటే దేశం బీదదా ధనికదా అన్నదే ఎక్కువ తేడా తెస్తోందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది కదా, ఇది పేదరికం సమస్య, ఇందులోకి స్త్రీల ప్రశ్న ఎందుకు అని. పేదరికం సమస్య అన్నమాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ పేదరికం ఇంట్లో అందరికీ సమంగా పంచబడదు. డబ్బు చాలని నెల ఎవరి మందు ముందు ఆగుతుందో మనలో ఏ కార్యకర్తకు తెలియదు? దేశాలను పోల్చే పట్టికలో ఆ వంటింటి నిర్ణయం కనపడదు.

ఇంకో మాట. మందు వాడుతున్నారా అని అడగాలంటే ముందు జబ్బు ఉన్నట్టు తేలాలి. 2008లో ప్రచురితమైన క్రియేట్ అధ్యయనం మన దేశంలో 89 ఆసుపత్రుల్లో ఇరవై వేల పైచిలుకు గుండెపోటు రోగులను నమోదు చేసింది. వాళ్లలో మూడొంతులకు మించి మగవాళ్లే. స్త్రీలకు ఈ జబ్బు కొంత ఆలస్యంగా వస్తుందన్నది నిజం. తేడా మొత్తం దానివల్లేనా? ఆయాసం, వాంతి, దవడ లాగడం అని చెప్తే గ్యాసని పంపేసిన ఆడవాళ్లు ఏ జాబితాలో ఉన్నారు? జాబితాకే ఎక్కని మనిషి మాత్రలు ఎవరు లెక్కపెడతారు?

ప్రభుత్వాల సంగతీ ఇంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ స్టెంటుకూ బైపాసుకూ డబ్బు కట్టింది. కొన్ని చికిత్సల తర్వాత ఏడాదిపాటు మందులకూ ఏర్పాటు చేసింది. మంచిదే. కానీ ఈ మందుల్లో చాలావరకు బతికినన్నాళ్లూ వాడాల్సినవి. రెండో ఏడాది ఆమె చీటీ పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి?

1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగం మీద మన స్త్రీశక్తి సంఘటన పోరాడింది. 1986లో సహేలీ తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెప్పకుండా మన ఒంట్లోకి ఎక్కించే మందును ప్రశ్నించడం అప్పుడు నేర్చుకున్నాం. మన ఒంట్లోకి చేరకుండా ఆగిపోతున్న మందును ప్రశ్నించడం ఇంకా నేర్చుకోలేదు. గర్భసంచి దగ్గరే మన ఆరోగ్య ఉద్యమం ఆగిపోతే గుండె ఎవరిది?

కొలవొద్దని నేను అనటం లేదు. కొలవకపోతే నష్టపోయేది మనమే. కానీ కొలిచేటప్పుడు డాక్టరు రాయని మందును ఒక లెక్కలో, రాసినా కొనలేని మందును ఇంకో లెక్కలో, కొన్నా వేసుకోలేని మందును మరో లెక్కలో వెయ్యాలి. ప్రతి లెక్కా ఆడా మగా వేరువేరుగా చూపాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ నాలుగు రకాల మందులూ ఏడాది పొడుగునా ఉచితంగా దొరకాలి. మనలో సర్వేలకు వెళ్లేవాళ్లం 'నిర్లక్ష్యం' అన్న గడి కొట్టేసి, ఆ చోట 'ఎందుకు' అని రాసుకోవాలి. జవాబు రాసుకోవడానికి ఆ ఇంట్లో ఇంకో పావుగంట కూర్చోవాలి. నేను ఆ రోజు కూర్చోలేదు.