ఇంటికి ముందు జాగా, జాగాకు ముందు కాగితం

పేదవాడికి ఇల్లు కట్టిస్తామని చెప్పని ప్రభుత్వం గత నాలుగు దశాబ్దాల్లో తెలుగునాట ఒక్కటీ లేదు. పక్కా ఇళ్లు అన్నారు, ఇందిరమ్మ ఇళ్లు అన్నారు, రాజీవ్ గృహకల్ప అన్నారు, డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు అన్నారు, పేదలందరికీ ఇళ్లు అన్నారు. ఇప్పుడు తెలంగాణలో మళ్లీ ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. ఈ పథకాలవల్ల ఎన్నో కుటుంబాలు సొంత గూటికి చేరిన మాట వాస్తవం. దానిని కాదనడం మా ఉద్దేశం కాదు. అయితే ఏ పథకం వచ్చినా మన బస్తీల నుంచి వినిపించే ప్రశ్న మాత్రం ఒక్కటే: జాబితాలో మనవాళ్ల పేర్లు ఎందుకు ఇంత తక్కువ?

వివక్షే కారణమని చాలామంది జవాబు చెబుతారు. వివక్ష లేదని మేమూ అనము. కానీ సర్కారు కచేరీల్లో ఏళ్ల తరబడి దస్త్రాలు మోసి, పదవీ విరమణ తరువాత బస్తీల్లో దరఖాస్తులు నింపిపెడుతున్న మాబోటివారికి దానికంటే ముందే ఎదురయ్యే అడ్డంకి మరొకటి కనబడుతున్నది. అది జాగా కాగితం.

కోటా లేకపోవడం అసలు సమస్య కాదు. 2006 జూన్‌లో కేంద్రం ప్రకటించిన ప్రధానమంత్రి 15 అంశాల కార్యక్రమంలో గ్రామీణ గృహనిర్మాణంలో మైనారిటీలకు న్యాయమైన వాటా, మైనారిటీలు నివసించే మురికివాడల బాగుసేత రెండూ ఉన్నాయి. అదే సంవత్సరం నవంబరులో జస్టిస్ సచార్ కమిటీ తన నివేదికను సమర్పించింది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మార్గదర్శకాలు వీలైనంతవరకు 15 శాతం మైనారిటీలకు కేటాయించాలని చెబుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లలో మైనారిటీలకు గ్రామాల్లో 7 శాతం, పట్టణాల్లో 12 శాతం కేటాయించింది. కాగితం మీద వాటా ఉన్నది. అయితే దరఖాస్తు అర్హత గడప దాటిన తరువాతనే కోటా పని చేస్తుంది. మనవారిలో అనేకులు ఆ గడప దగ్గరే ఆగిపోతున్నారు.

ఇందిరమ్మ ఇళ్ల సంగతే చూద్దాం. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఈ పథకం ఇల్లు కట్టుకోవడానికి ఐదు లక్షల రూపాయలు ఇస్తుంది. ఇంటిని మహిళ పేరిట మంజూరు చేయడం మంచి నిర్ణయం. కాని మొదటి విడతలో లబ్ధి సొంత జాగా ఉన్నవారికే. జాగా లేనివారి పేర్లు వేరే జాబితాకు ఎక్కుతాయి, వారి వంతు తరువాతెప్పుడో. తెలుగునాట ముస్లిములు అధికంగా పట్టణవాసులని జనగణన లెక్కలే చెబుతున్నాయి. ఒక్క హైదరాబాదు జిల్లాలోనే, 2011 లెక్కల ప్రకారం, జనాభాలో 43 శాతానికి పైగా ముస్లిములున్నారు. పల్లెలో నిరుపేదకు పూరి గుడిసె వేసుకున్న జాగా అయినా ఉండవచ్చు. పట్టణ నిరుపేదకు ఉండేది ఒక అద్దె గది, నెల తిరిగేసరికి అద్దె కోసం వచ్చే యజమాని. 'సొంత జాగా' అనే గడి దగ్గర అతని దరఖాస్తు ముగిసిపోతుంది.

సొంత ఇల్లున్నవారి పరిస్థితి అయినా సుఖంగా లేదు. బస్తీల్లో మాకు పదేపదే కనబడే చిక్కులు నాలుగు.

మొదటిది హిబా. తండ్రి తన కూతురికో కొడుకుకో ఇంటిని నోటిమాటతో దానం చేస్తాడు. ప్రకటన, స్వీకారం, స్వాధీనం మూడూ జరిగితే మన ధర్మశాస్త్రం ప్రకారం అది చెల్లుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షను కూడా ముస్లిముల దానాలకు ఆ వెసులుబాటు ఇచ్చింది. కాని పురపాలక సంఘం రిజిస్టరులో పేరు మారదు. చట్టం ముందు యజమాని అయినవారు గుమాస్తా ముందు యజమాని కాలేకపోతున్నారు.

రెండవది పంపకం కాని వారసత్వం. తాత పేరు మీద ఉన్న యాభై గజాల ఇంట్లో మూడు తరాల తరువాత ఐదు పొయ్యిలు వెలుగుతుంటాయి. ఐదు కుటుంబాలూ పేదవే, ఒక్కరి పేరిటా కాగితం లేదు. ఆడపిల్లలకు ఖురాన్ నిర్ణయించిన వాటాను విడదీసి రాయకపోవడం ఈ చిక్కును మరింత బిగిస్తున్నది.

మూడవది నోటరీ కాగితం. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేక స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర వేయించుకుని కొన్న ఇళ్లు మన బస్తీల్లో కొల్లలు. డబ్బు ఇచ్చారు, కాపురం ఉంటున్నారు, పన్ను కూడా కడుతున్నారు. హక్కు మాత్రం నిరూపించుకోలేరు.

నాల్గవది పేర్లు. ఒక కార్డులో మొహమ్మద్, మరొక దానిలో ఎం.డి. ఒకచోట బేగం, ఇంకొకచోట బీ. ఉర్దూ పేరు తెలుగులోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి మారేసరికి ఒకే స్త్రీ మూడు కాగితాల్లో ముగ్గురు స్త్రీలవుతున్నది. పరిశీలనకు వచ్చిన ఉద్యోగి 'పేరు సరిపోలేదు' అని ఒక ముక్క రాస్తే చాలు, ఆ ఇంటి ఆశ అక్కడితో సరి.

ఇక జాగా ప్రమేయం లేకుండా కట్టిన ఇళ్లే ఇచ్చే పథకాల విషయానికి వద్దాం. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను ప్రారంభించారు. ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు, లబ్ధిదారు పైసా కట్టనక్కరలేదు. ఇళ్లు మంచివే. కాని చార్మినారు చుట్టుపక్కల బతికే కుటుంబానికి అది సుమారు ముప్పై కిలోమీటర్ల దూరం. లాడ్ బజారుకు లక్క గాజులు చేసే స్త్రీకి, జరీ పని చేసే స్త్రీకి, కుట్టుపని చేసే స్త్రీకి ఇల్లంటే నిద్రపోయే చోటు మాత్రమే కాదు, పనిశాల కూడా. సరుకు ఇచ్చే సేటు దుకాణం నాలుగు వీధుల అవతల ఉంటేనే ఆ పని సాగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25 నుంచి మహిళల పేరిట ఇళ్ల పట్టాలు పంచారు. ముందు జాగా, తరువాత ఇల్లు అన్న ఆ వరుస సరైనదే. కాని పట్టణంలో ఇచ్చింది ఒక్క సెంటు, అదికూడా అనేకచోట్ల ఊరికి దూరంగా. ఇల్లు వచ్చి పని పోతే కుటుంబం నిలబడదు.

దీనికి విరుగుడు ఎక్కడో వెతకనక్కరలేదు, మన నగర చరిత్రలోనే ఉన్నది. 1908 మూసీ వరద తరువాత, 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి మండలిని స్థాపించి, ఇరుకు బస్తీల స్థానంలో గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించింది. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సామాజికాభివృద్ధి పథకాన్ని చేపట్టింది. క్రమంగా అది నగరంలోని ఇతర బస్తీలకు విస్తరించింది. యునిసెఫ్, ఆపై 1980లలో బ్రిటిష్ ప్రభుత్వం దానికి చేయూతనిచ్చాయి. బస్తీ కమిటీలు, మహిళా మండలులు, బాలవాడీలు, కుట్టు కేంద్రాలతో ముందుగా మనుషులను కూడగట్టారు. తరువాత ఉన్నచోటనే పట్టా ఇచ్చి, బ్యాంకు అప్పు ఇప్పించి, ఇంజనీరు సలహాతో ఎవరి ఇల్లు వారే కట్టుకునేలా చేశారు. పట్టా చేతికి రావడంతో బ్యాంకు తలుపు తెరుచుకున్నది. ఇల్లు ఉన్నచోటే లేవడంతో పనీ బడీ చెదరలేదు. నేటి పథకాల్లో డబ్బు నాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నది. లేనిది ఆ వరుస.

2014 డిసెంబరు నాటి 58వ నంబరు జీవో ద్వారా తెలంగాణలో ప్రభుత్వ భూమిలో నివసించే పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించారు. అది ఈ బాటలోనిదే, దానిని అర్హులందరికీ అందేదాకా కొనసాగించాలి. వక్ఫ్ భూముల విషయంలో మాత్రం మేము స్పష్టంగా ఉన్నాము. వక్ఫ్ భూమి వక్ఫ్‌గానే ఉండాలి, పట్టాగా మారరాదు. అక్కడ తలదాచుకుంటున్న నిరుపేదలకు అదే ప్రాంతంలో ప్రభుత్వం వేరే జాగా చూపాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేవి నాలుగు. వార్డువారీగా, మండలంవారీగా మంజూరైన ఇళ్లలో మైనారిటీల సంఖ్యను ప్రకటించాలి. లెక్క బయటపెట్టని కోటా ఉన్నా లేనట్లే. జాగా లేని పట్టణ పేదలకు వారి జీవనోపాధికి దగ్గరలోనే ఇళ్లు కట్టాలి. దరఖాస్తులు తీసుకునే ముందు బస్తీల్లో పేరు మార్పిడి, పేరు సవరణ శిబిరాలు నడపాలి. పన్ను రసీదు, కరెంటు బిల్లు వంటివాటిని స్వాధీనానికి రుజువుగా అంగీకరించాలి.

మనం చేయవలసినవీ ఉన్నాయి. ప్రతి మసీదు కమిటీ జుమా నమాజు తరువాత ఒక గంట 'కాగితాల బల్ల' నడపవచ్చు. పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, న్యాయవాదులు, చదువుకున్న యువతీయువకులు మనలో కరువు కాదు. హిబా జరిగిందని తెలిపే జ్ఞాపక పత్రం రాయించడం, ఆడపిల్లల వాటాతో సహా వారసత్వ పంపకం పూర్తి చేయించి పేర్లు మార్పించడం, పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి లబ్ధిదారుల లెక్క అడగడం ఆ బల్ల మీద జరగవలసిన పనులు. ముందు కాగితం సిద్ధమైతే పథకం వచ్చిన రోజున పరుగులు పెట్టనక్కరలేదు.

ఇంకొక ముఖ్యమైన మాట. ఇందిరమ్మ ఇంటికి మొదటి లక్ష పునాది పూర్తయిన తరువాతనే వస్తుంది. పునాదికి డబ్బెక్కడిది? మంజూరు పత్రం చేతిలో ఉండీ పేదవాడు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతున్నాడు. వడ్డీ హరామని మింబరు మీద నుంచి చెప్పే సమాజం ఆ గుమ్మానికి ప్రత్యామ్నాయం చూపాలి. మన బైతుల్ మాల్‌లు పునాది మట్టుకు ఖర్జె హసనా ఇస్తే, మొదటి విడత రాగానే సొమ్ము తిరిగి జమ అవుతుంది, మరో ఇంటి పునాదికి ఉపయోగపడుతుంది. దీనికి పెద్ద నిధి అక్కరలేదు. ఒక మొహల్లాలో ఐదు ఇళ్లకు సరిపడేంతతో మొదలుపెట్టినా ఏడాదిలో అదే డబ్బు మరికొన్ని గుమ్మాలు తిరుగుతుంది.

ప్రభుత్వ బాధ్యతను మన భుజాన వేసుకుంటే పాలకులు తప్పుకుంటారని కొందరు మిత్రులు వాదిస్తారు. ఆ భయం అర్థం కానిది కాదు. కాని కాగితాలు సరిగా ఉన్న వంద దరఖాస్తులను తిరస్కరించాలంటే అధికారి వంద కారణాలు రాయాలి. ఆ రాతే రేపు మన హక్కుల పోరాటానికి ఆధారం. కాగితం లేని దరఖాస్తును తిరస్కరించడానికి అతనికి ఏ కారణమూ వెతకనక్కరలేదు. వచ్చే విడత దరఖాస్తులు మొదలయ్యేలోగా మన జమాఅత్‌లు, సంఘాలు తమ తమ మొహల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏ కాగితం లేదో ఒక పట్టిక తయారు చేయాలని మా విన్నపం. ఆ పట్టికతో కలెక్టరు ముందుకు వెళితే వినతి పత్రానికి బరువు వస్తుంది.