‘దృఢమ్’ – స్వామి పలికిన ఒక క్రియావిశేషణము

గీతాపారాయణమున పదునెనిమిదవ అధ్యాయము 64వ శ్లోకమునకు వచ్చునప్పటికి మన భక్తబృందములలో ఒక దోషము తరచుగా వినబడుచుండును. ‘దృఢమితి’ అను చోట ‘దృఢ’ అని ఆగి, ‘మితి’ అని అందుకొందురు. తెలుగున మితి యనగా హద్దు. మితిమీరుట అందుము గదా. నిజమునకు పదచ్ఛేదము ‘దృఢమ్ ఇతి’. అర్జునునిపై తన ప్రీతి చెదరనిదని స్వామి చెప్పుచున్న చోటనే మనము దానికి హద్దు గీయుచున్నాము!

ఇచట దృఢమ్ అనునది క్రియావిశేషణము, నపుంసకలింగ ద్వితీయైకవచన రూపము. పాణిని ఈ శబ్దమును స్థూల, బల అను అర్థములలో నిపాతనముగా సాధించెను. అమరసింహుడు గాఢ, బాఢ శబ్దముల సరసన అతిశయార్థమున చేర్చెను. శంకరభగవత్పాదులు మాత్రము ఈ శ్లోకమున దీనిని ‘అవ్యభిచారేణ’ అని వివరించిరి. అనగా ‘మిక్కిలి’ అని కాదు, ‘తప్పిపోక’ అని. ప్రీతి యెంత యనునది కాదు, నిలుచునా యనునదే ప్రశ్న.

కొన్ని పాఠములందు ‘దృఢమతిః’ అని కలదు. అప్పుడు దార్ఢ్యము అర్జునుని బుద్ధికి చెందును. నాకు ఆ పాఠము రుచింపదు. ఆరవ అధ్యాయమున తన మనస్సు చంచలమనియు, బలవత్తరమనియు, దృఢమనియు మొరపెట్టుకొన్నవాడు ఆ అర్జునుడే. అచట ఆ పదమునకు లొంగని మొండితనమని అర్థము. శిష్యుడు తన రోగమునకు వాడిన పదమునే గురువు తన ప్రేమకు వాడెను.

శంకరులు అచటనే మరొక మాట చెప్పిరి: భగవానుడు ఇది భయముచేత గాని, అర్థాపేక్షచేత గాని చెప్పుటలేదు, అర్జునుడు ఇష్టుడు గనుకనే చెప్పుచున్నాడు. ఈ వాక్యము చదివినపుడెల్ల అర్చకుడనైన నా తల వంగును. కొన్నేండ్ల క్రిందట ఒక గృహస్థు, “మా అమ్మాయి వివాహము ఈ యేడు నిశ్చయముగా జరుగునా స్వామీ?” అని అడిగెను. “తప్పక జరుగును” అంటిని. నాకేమి తెలియును? ఆయన నొచ్చుకొనునేమో యను భయము కొంత, పళ్ళెములోని దక్షిణ కొంత, నాచేత ఆ మాట పలికించెను. ఆ యేడు జరుగలేదు. ఆయన నన్నేమియు అనలేదు, గుడికి వచ్చుట మానెను. స్వామి మాట తప్పెనని తలచియుండును. తప్పినది నా క్రియావిశేషణము.

పుట్టినవానికి మరణము ధ్రువమని గీత చెప్పెను. నన్నే చేరుదువని 65వ శ్లోకమున స్వామి ప్రతిజ్ఞ చేసెను. వివాహము, ఉద్యోగము ధ్రువమని ఎచటను చెప్పలేదు. టీవీలో ప్రొద్దుననే ‘ఖచ్చితంగా’ అని రాశిఫలములు చెప్పువారికి ఇంత ధైర్యము ఎచటినుండి వచ్చుచున్నదో!

ఇప్పుడు ఎవరైన అడిగిన, “సంకల్పము చెప్పించెదను, మీతో కూడ ప్రార్థించెదను” అని మాత్రమే అందును. కొందరికి అది చాలుటలేదు; ‘తప్పక’ అనువారిని వెదకుకొని పోవుచున్నారు. ఉన్నవారితో ఏకాదశి పారాయణము సాగుచున్నది. ‘దృఢమితి’ని ఇప్పుడు ఒక్క ఊపిరిలోనే చదువుచున్నారు.