తెలుగు బడిలో లెగో ఇటుకలా?

"వారానికి ఉండేదే రెండు గంటలు. అందులో ఆటలేమిటండీ?" అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. సెలవు రోజు పొద్దున్నే పిల్లల్ని నిద్రలేపి, అంత దూరం కారు నడుపుకుని వచ్చేది అక్షరాలు నేర్పించడానికి కదా! అయినా సరే, ప్రతి తెలుగు బడిలోనూ ఒక పెట్టెడు లెగో ఇటుకలు ఉండాలని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము.

ముందుగా ఈ బొమ్మ కథ. డెన్మార్కులోని బిల్లుండ్ అనే ఊళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. మన కొండపల్లి, ఏటికొప్పాక పనివారిలాంటి వాడే అనుకోండి. 'బాగా ఆడుకో' అనే అర్థమున్న రెండు డేనిష్ మాటల్లోంచి 'లెగో' అనే పేరు పుట్టింది. ఇప్పటి ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు చక్కగా అతుక్కుంటుంది! ఐదేళ్ళ కిందటి ప్రోగ్రాము కొత్త కంప్యూటరు మీద నడవక తంటాలు పడే మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇది అసూయ పుట్టించే విషయమే.

ఎనిమిది బుడిపెలున్న ఒకే రంగు ఇటుకలు రెండింటిని 24 రకాలుగా కలపవచ్చు. ఆరు ఇటుకలైతే 91,51,03,765 రకాలుగా! మన భాష కూడా అంతే కదా! యాభై చిల్లర అక్షరాలు, గుణింతాలు, వత్తులు. పోతన భాగవతం నుంచి నిన్నటి సినిమా పాట దాకా అన్నీ వాటితో కట్టినవే.

ఈ ఇటుకలతో కళలు సృష్టించినవారు ఉన్నారు. న్యూయార్కులో లాయరు ఉద్యోగం వదిలేసిన నాథన్ సవాయా 2007 నుంచి తన లెగో శిల్పాలతో ప్రదర్శనలు ఇస్తున్నారు. చైనా కళాకారుడు ఐ వైవై 2023లో మోనే కలువల చిత్రాన్ని దాదాపు 6,50,000 ఇటుకలతో పేర్చి లండన్‌లో ప్రదర్శించారు.

మరి మన కళల మాటేమిటి? అడుగున పరిచే పలక మీది బుడిపెలను చూడండి, అచ్చం ముగ్గు చుక్కలే! నాలుగు వైపులా ఒకేలా వచ్చేట్టు రంగులు పేర్చమంటే అమ్మమ్మ వాకిట్లో చేసే లెక్క పిల్లలకు చేతికి వస్తుంది. ఛందస్సు సంగతి ఇంకా బాగుంటుంది. లఘువుకు ఒక బుడిపె ముక్క, గురువుకు రెండు బుడిపెల ముక్క. 'తెలుగు' అంటే మూడు చిన్న ముక్కలు. 'ఆవకాయ' అంటే పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది. తమ పేర్లు పేర్చుకోమంటే పిల్లలు యమాతారాజభానసలగం అని బట్టీ పట్టకుండానే గణాలు గుర్తుపడతారు. సంగీతం, కూచిపూడి నేర్చుకునే పిల్లలైతే ఆదితాళాన్ని నాలుగు బుడిపెలది ఒకటి, రెండు బుడిపెలవి రెండు పెట్టి ఎనిమిది అక్షరాలూ కళ్ళతో చూసుకోవచ్చు. ఇక పంచతంత్రం కోతిని, మొసలిని కట్టి, వాటి చేత తెలుగులో మాట్లాడిస్తే అదే ఒక బొమ్మలాట.

"కట్టేటప్పుడు ఇంగ్లీషులోనే కదా మాట్లాడుకుంటారు?" అనవచ్చు. అందుకే ఒక్క షరతు పెడదాం. ముక్క కావాలంటే తెలుగులోనే అడగాలి. 'ఎర్రది ఇవ్వు', 'దాని మీద పెట్టు', 'పక్కకు జరుపు', 'అయ్యో, కూలిపోయింది!' విభక్తులు నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం మాకు తెలియదు.

ఇంకొక మాట. బొమ్మ చూసి పుస్తకంలో చెప్పినట్టే కట్టే కిట్లు మనకు వద్దు. అది కూడా కాపీరైటింగు లాంటిదే. దిద్దడం అవసరమే, అక్షరం కుదరాలంటే దిద్దాల్సిందే. కాని ఎప్పుడూ దిద్దడమే అయితే? పదేళ్ళు దాటగానే చాలామంది పిల్లలు బడికి రావడం తగ్గించేస్తున్నారు. వాళ్ళ దృష్టిలో తెలుగంటే పెద్దవాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పే భాష. ఆ భాషలో తాము సొంతంగా చేసిన వస్తువంటూ ఒకటి ఉంటే, ఆ భాష తమది అనిపిస్తుంది. మాకున్న ఆశ అదే.

రాయడం, చదవడం మానేయమని మేము అనడం లేదు. చివరి అరగంట చాలు. ఖర్చు కూడా లేదు. మీ గరాజుల్లో, మంచాల కింద మూలుగుతున్న విడి ముక్కలు ఒక సంచిలో వేసి తీసుకురండి. మూడేళ్ళలోపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నోట్లో పెట్టుకోకుండా మాత్రం చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలను, తాతయ్యలను కూడా వెంట తీసుకురండి. వాళ్ళు కథ చెబుతారు, పిల్లలు కడతారు. ఆ కట్టినదేమిటో తెలుగులో చెప్పమని మనం అడుగుదాం!