లాభం వెనక దాగిన జీతం

‘నాలుగేళ్లు నమ్మకంగా పనిచెయ్‌. జీతం బదులు ఎకరం పొలం రాసిస్తా’ అని పాలేరుకు మాటిచ్చాడో రైతు. ఏడాది చివర లెక్క చూసుకుని, ‘జేబులోంచి పైసా తీయలేదు, జీతాల ఖర్చే లేదు’ అని మురిసిపోయాడు. మరి ఆ ఎకరం ఖర్చు కాదా?

అమెరికా కంపెనీలు చాలాకాలం ఇలాగే లెక్కలు రాశాయి. ఉద్యోగులకు జీతంతోపాటు స్టాక్‌ ఆప్షన్లు ఇచ్చేవి. అంటే ముందే అనుకున్న ధరకు కంపెనీ షేరు కొనుక్కునే హక్కు. ఆ ధర, ఇచ్చిననాటి మార్కెట్‌ ధర ఒకటే అయితే ఖర్చు సున్నా! ఇది సరికాదని అక్కడి అకౌంటింగ్‌ ప్రమాణాల బోర్డు మార్పు ప్రతిపాదిస్తే, 1994లో సెనేట్‌ 88-9 ఓట్లతో వద్దని తీర్మానించింది. దాంతో బోర్డు 1995లో మెత్తబడింది. లాభంలోంచి తీసేయకపోయినా సరే, నివేదిక చివరి నోట్స్‌లో చూపితే చాలంది. ఎన్‌రాన్‌, వరల్డ్‌కామ్‌ కుప్పకూలాక కంపెనీల లెక్కలపై నమ్మకం సడలింది. 2002లో కోకా-కోలా తనంతట తానే ఖర్చుగా రాస్తానంది. 2004 డిసెంబరులో బోర్డు దాన్ని అందరికీ తప్పనిసరి చేసింది.

అయినా ఖర్చంతా ఒక్కసారే పద్దులోకి రాదు. ఓ ఉద్యోగికి 40 లక్షల రూపాయల విలువైన షేర్లు నాలుగేళ్లలో ఇస్తామన్నారనుకుందాం. ఏటా సమానంగా రాస్తే మొదటి ఏడాది ఖర్చు 10 లక్షలే. మిగతా 30 లక్షలు ‘ఇంకా గుర్తించని వ్యయం’. అప్పుల జాబితాలోనూ ఇది కనిపించదు. ఎందుకంటే ఉద్యోగి మధ్యలో మానేస్తే ఆ షేర్లు ఇవ్వక్కర్లేదు. కొనసాగితే మాత్రం రాబోయే లాభాల్లోంచి తగ్గాల్సిందే. అక్కడి కంపెనీలు ఈ మొత్తమెంతో, సగటున ఎన్నేళ్లలో ఖర్చు రాస్తాయో నోట్స్‌లో చెప్పాలి.

అమెరికాలో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల్లో చాలామంది ప్యాకేజీల్లో ఇలాంటి షేర్లుంటాయి. వాళ్లకది రేపటి ఆదాయం. వాటాదారుకు రేపటి ఖర్చు. పైగా కొత్త షేర్లు పుట్టేకొద్దీ పాతవారి వాటా పలచనవుతుంది.

ఇప్పటికీ కొన్ని కంపెనీలు ఈ ఖర్చును పక్కనపెట్టి ‘సర్దుబాటు లాభం’ పేరిట మరో అంకెను ముందుకు తెస్తుంటాయి. కష్టార్జితంతో షేర్లు కొనేవారు ఆ పెద్ద అంకె దగ్గరే ఆగిపోకూడదు. నోట్స్‌ దాకా వెళ్లాలి. పాలేరుకిచ్చిన మాట ఉండేది అక్కడే!