చర్మకారుడి పూర్ణఘటం, మన బడి పాఠం

అమరావతి స్తూపానికి దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒకాయన పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేశాడు. దాని మీది శాసనంలో ఆయన పేరు విధికుడు. వృత్తి చర్మకారుడు. తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్లతో కలిసి ఈ దానం చేస్తున్నానని రాయించుకున్నాడు. తోలుపని చేసేవాడి తండ్రి పాఠం చెప్పేవాడు! ఆ రెండు మాటలూ ఒకే వాక్యంలో ఏ ఇబ్బందీ లేకుండా కూర్చున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 నవంబరులో స్వీకరించిన రాజముద్ర మధ్యలో ఉన్నది కూడా అమరావతి పూర్ణఘటమే. పల్నాడు నుంచి ఒంగోలు దాకా ఎంతమంది మాదిగ పిల్లలకు ఈ సంగతి చెప్పాం?

ఏటా ఏప్రిల్ 14కీ, బుద్ధ పూర్ణిమకీ మన సభల్లో ఒక డిమాండ్ వినిపిస్తుంది: గురుకులాల్లో, ప్రభుత్వ బడుల్లో బౌద్ధం బోధించాలి. డిమాండ్ వెనక ఆవేదన న్యాయమైనదే. కానీ బౌద్ధాన్ని మతంగా బోధించమంటున్నామా, చరిత్రగా, ఆలోచనగా చదివించమంటున్నామా? ఇది తేల్చుకోకుండా ముందుకు పోతే దెబ్బ తినేది మన పిల్లలే.

రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కుదరదు. గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న ప్రైవేటు సంస్థల్లో కూడా మైనర్ పిల్లల్ని సంరక్షకుల అనుమతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టరాదు. అయితే మతాల గురించి చదవడం వేరు. అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు ఈ తేడాను గుర్తించింది. ఆ తీర్పు మతవాదులకు కూడా తలుపు తెరిచిందన్న విమర్శ ఉంది, అందులో నిజం లేకపోలేదు.

ఈ గోడ మనకు ఎందుకు అవసరమో తెలియాలంటే గుండ్లకమ్మ ఒడ్డుకు వెళ్లాలి. ఆ ఏటి ఒడ్డునే చందవరం బౌద్ధ స్తూపం ఉంది. అదే ఏట్లో, ఒంగోలుకు ఉత్తరాన, 1878 జూలై 3న బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఎక్కువ మంది మాదిగలు. ఈ ప్రాంతపు వాడలకు పలక, బలపం ఆ మిషన్ బళ్లతోనే వచ్చాయి. మతబోధతో పాటే వచ్చాయి, దాచాల్సిన పనేమీ లేదు. ఇప్పటికీ మాల, మాదిగ ఇళ్లలో చాలా వాటికి ఆదివారం అంటే చర్చే. బడిలో సరస్వతీ ప్రార్థన పాడించినప్పుడు మన బిడ్డకు కలిగే ఇబ్బందే, బుద్ధవందనం తప్పనిసరి చేస్తే ఈ బిడ్డకూ కలుగుతుంది.

దీనికి సర్టిఫికెట్ ముడి కూడా తోడైంది. 1950 ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా అందింది. క్రైస్తవులకు అందలేదు. క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం రక్షణ ఉండదని 2025లో మన హైకోర్టే చెప్పింది. ఇలాంటి చోట 'నీ మతమేంటి' అని పిల్లల్ని తేల్చి అడిగే ఏ పీరియడైనా ప్రమాదమే.

పక్క రాష్ట్రంలో ఏం జరిగిందో గుర్తుంది కదా. 2021 మార్చిలో పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో భీమ్ దీక్ష సందర్భంగా అంబేద్కర్ 22 ప్రతిజ్ఞలు చదివించారు. అక్కడ ఉన్న అప్పటి తెలంగాణ గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ మీద పెద్ద దాడే జరిగింది, ఆయన వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అది బడి కాదు, తరగతి గది కాదు. బడి గోడల మీది దేవుళ్ల పటాల గురించి ఏనాడూ నోరెత్తనివాళ్లు ఆరోజు లౌకికవాదులైపోయారు. అయినా ఒక మాట మనలో మనం ఒప్పుకోవాలి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆ ప్రతిజ్ఞలు చేసినవాళ్లు తెలిసి, కోరి, ఒక మతాన్ని వదిలి వచ్చినవాళ్లు. ఆ ఎంపిక చేసుకునే వయసు ఆరో తరగతి పిల్లలకు ఉండదు.

బాబాసాహెబ్ తన కాలేజీలను ఎలా నడిపాడో చూడండి. 1946లో బొంబాయిలో పెట్టిన దానికి సిద్ధార్థ పేరు, 1950లో ఔరంగాబాద్‌లో పెట్టిన దానికి మిళింద పేరు. మిళిందుడు ప్రశ్నలడిగిన రాజు. చర్చకు ముందు నాగసేనుడు అతనికి షరతు పెట్టాడు: పండితుడిలా వాదిస్తే మాట్లాడతాను, రాజులా అయితే మాట్లాడను. పండితుడు ఓడితే ఒప్పుకుంటాడు, రాజు ఎదురు చెప్పినవాణ్ణి శిక్షిస్తాడు. మన బడికి కావాల్సిన బౌద్ధం ఇదీ. సందేహం అడిగిన పిల్లను 'నోర్మూసుకుని కూర్చో' అనే సారు రాజులాగే మాట్లాడుతున్నాడు.

ప్రశ్నకు ఈ నేల మీద పెద్ద వెలే ఉంది. కారంచేడులో 1985లో మంచినీళ్ల చెరువు దగ్గర అడ్డు చెప్పినందుకు ఆరుగుర్ని చంపారు. చుండూరులో 1991లో ఎనిమిదిమందిని చంపారు. సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు తగలడం దగ్గర మొదలైంది ఆ గొడవ. తెలుగు లిపి పుట్టుకకు ఆధారంగా చూపే భట్టిప్రోలు శాసనాలు దొరికింది చుండూరుకు దగ్గర్లోనే. ఈ రెంటినీ ఒకే పాఠంలో చెప్పగల టీచరు కావాలి. అందుకు టీచర్లకు శిక్షణ కావాలి. మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయం గుంటూరు పక్కనే ఉంది, ఆ పని దాన్ని అడగొచ్చు. ధమ్మం కోరుకునే కుటుంబాలకు ఆదివారం పాఠశాలలు వాడలోనే, మన ఖర్చుతోనే పెట్టుకోవచ్చు.

ఇవన్నీ జరగాలంటే పిల్ల ముందు తరగతిలో ఉండాలి. జనవరి నుంచి మిర్చి కోతలు, అంతకు ముందు పత్తి తీతలు. పశ్చిమ ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు చేలకు వస్తాయి. పదో తరగతి పరీక్షలు మార్చిలో, కోతలు జోరుగా ఉన్నప్పుడే. తల్లిదండ్రులు వలస వెళ్లినప్పుడు పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లున్నాయి. అవి కోతలు మొదలయ్యాక కాదు, కుటుంబాలు బండెక్కకముందే తెరవాలి. ఈసారి కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో బౌద్ధ పాఠం కంటే పైన ఈ డిమాండ్ రాద్దాం.